పెంబ్రోక్‌షైర్ తీర దారిలో నడక: 12 రోజుల లెక్కను ఎలా సరిచేసుకోవాలి

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. మీరూ మీ శ్రీమతీ రెడింగ్‌లో ఉంటున్నారు, ఇద్దరికీ నలభై అయిదు దాటింది, వారాంతాల్లో థేమ్స్ ఒడ్డున పదిహేను కిలోమీటర్ల దాకా నడిచే అలవాటు ఉంది. వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్ తీర దారి మొత్తం 299 కిలోమీటర్లనూ వచ్చే ఆగస్టులో 12 రోజుల సెలవులో, రోజుకు 25 కిలోమీటర్ల లెక్కన, గుడారం వీపున వేసుకుని పూర్తి చేయాలనుకుంటున్నారు. ఈ లెక్క కుదురుతుందా, శాకాహారులకు దారిలో తిండి దొరుకుతుందా అని అడిగారు.

తిండి దొరుకుతుంది, లెక్క మాత్రం కుదరదు. నేను స్వాన్సీలో స్థిరపడిన పదమూడేళ్లలో ఈ దారిని విడతలు విడతలుగా రెండుసార్లు పూర్తి చేశాను. మొదటి ప్రయత్నంలో మీలాగే ఒకే ఊపులో ముగించాలని బయలుదేరి, అయిదో రోజుకు మోకాలు వాచి, బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. ఆ తర్వాత నేర్చుకున్న పద్ధతినే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఎక్కుదిగుళ్లు, సముద్రపు పోటు, బస్సు వేళలు, రాత్రి పడక, ఈ నాలుగూ కుదిరిన తర్వాతే ఆ రోజు ఎన్ని కిలోమీటర్లు నడవాలో తేల్చుకోవాలి. మీరు కిలోమీటర్లతో మొదలుపెట్టారు కనుక మిగిలినవన్నీ ఇరుకున పడ్డాయి.

ముందు దారి గురించి రెండు మాటలు. పెంబ్రోక్‌షైర్ తీరం 1952లో జాతీయ ఉద్యానమైంది. పక్షుల శాస్త్రజ్ఞుడు రొనాల్డ్ లాక్లీ ఆ రోజుల్లోనే ఈ దారి ఎటు పోవాలో తిరిగి చూసి నివేదిక ఇచ్చాడు. రైతులతో, భూస్వాములతో ఒప్పందాలు కుదిరి దారి తెరుచుకునేసరికి 1970 వచ్చింది. ఉత్తరాన సెయింట్ డాగ్‌మేల్స్ దగ్గర మొదలై దక్షిణాన అమ్రోత్ దగ్గర ముగుస్తుంది. 2012లో వేల్స్ తీరమంతా చుట్టివచ్చే 870 మైళ్ల దారి ఏర్పడినప్పుడు ఇదీ దానిలో భాగమైంది. దారి పొడవునా కొయ్య స్తంభాల మీద ఓక్ చెట్టు కాయ బొమ్మ కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని పోతే దారి తప్పడం కష్టం. అయినా ఆర్డ్‌నెన్స్ సర్వే పటాలు రెండు, ఉత్తర భాగానికి ఓఎల్ 35, దక్షిణ భాగానికి ఓఎల్ 36, కాగితం మీదివి దగ్గర ఉంచుకోండి. కొండల మడతల్లో ఫోనుకు సిగ్నల్ ఉండని చోట్లు చాలా ఉన్నాయి.

ఇక ఎక్కుదిగుళ్లు. థేమ్స్ ఒడ్డున పదిహేను కిలోమీటర్లు నడవడానికీ ఇక్కడ పదిహేను నడవడానికీ పోలికే లేదు. ఈ నేల పైభాగం దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. కానీ ప్రతి వాగూ ఆ నేలను లోతుగా కోసుకుంటూ సముద్రంలోకి దిగుతుంది. అందుకని దారి అరగంట సేపు గట్టు మీద హాయిగా సాగి, ఒక్కసారిగా నీటి మట్టందాకా దిగి, చిన్న కొయ్య వంతెన దాటి, మళ్లీ నిట్టనిలువుగా ఎక్కుతుంది. రోజుకు ఇలాంటివి ఆరేడు వస్తాయి. మొత్తం దారి ఎక్కుదిగుళ్లను సుమారు 35,000 అడుగులుగా చెబుతారు, ఎవరెస్టు ఎత్తు 29,000 అడుగులే. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, అది నిలబడితే తగ్గుతుంది. మోకాళ్లను తినేసేది మాత్రం దిగుడే, ముఖ్యంగా వీపున పన్నెండు పదమూడు కిలోల బరువు ఉన్నప్పుడు.

స్కాట్లండ్‌కు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఒకటి ఇప్పటికీ పనికివస్తుంది. అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. న్యూపోర్ట్ నుంచి సెయింట్ డాగ్‌మేల్స్ దాకా ఉన్న ముక్కకు దీన్ని వర్తింపజేయండి. దూరం సుమారు 25 కిలోమీటర్లు, ఎక్కుడు 900 మీటర్ల పైమాట. లెక్క ప్రకారం ఆరున్నర గంటలు. అది ఆగకుండా, ఖాళీ చేతులతో, గట్టి నేల మీద నడిచే మనిషి లెక్క. మధ్యలో తినడానికి, నీళ్లు తాగడానికి, బూటు విప్పి బొబ్బకు పట్టీ వేయడానికి, ఇంతదూరం వచ్చినందుకు కాస్త సముద్రాన్ని చూడడానికి కలుపుకుంటే తొమ్మిది గంటలు. సెయింట్ డాగ్‌మేల్స్ పక్కనున్న పాపిట్ బీచి దగ్గరి కొసను వదిలేస్తే దారిలో దుకాణం లేదు, కైబుర్ అనే చోట తప్ప రోడ్డు తగలదు. మీ పథకంలో ఇది మొదటి రోజు. అలవాటు లేని కాళ్లతో, బరువైన సంచితో మొదటి రోజే దీన్ని పెట్టుకుంటే మిగిలిన పదకొండు రోజులూ ఆ రోజు అప్పు తీరుస్తూ నడవవలసి వస్తుంది.

పోటు విషయం మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. నాకు అదే ఎక్కువ ఆందోళన కలిగించింది. దారి దక్షిణ భాగంలో, మిల్‌ఫర్డ్ హేవెన్ రేవుకు పడమటగా, రెండు పాయలను కాలినడకన దాటాలి. డేల్ దగ్గర గాన్ అనేది ఒకటి, సాండీ హేవెన్ రెండోది. సముద్రం బాగా వెనక్కి లాగే వేళను ఆటు అంటాం కదా, దానికి మూడున్నర గంటల ముందు నుంచి మూడున్నర గంటల తర్వాత దాకా గాన్‌ను దాటవచ్చు. సాండీ హేవెన్‌కు అటూ ఇటూ రెండున్నర గంటలే. ఆ సమయం దాటితే గాన్ దగ్గర సుమారు 4, సాండీ హేవెన్ దగ్గర సుమారు 6 కిలోమీటర్లు లోపలి రోడ్ల మీద చుట్టు తిరగాలి.

నాది బాపట్ల దగ్గరి తీరం. మా వైపు పోటుకూ ఆటుకూ మధ్య తేడా మీటరున్నర దాటడం అరుదు. మిల్‌ఫర్డ్ హేవెన్‌లో పెద్ద పోటు రోజుల్లో అది ఆరు మీటర్లకు పైనే, అంటే రెండంతస్తుల మేడ ఎత్తు నీరు ఆరు గంటల్లో వచ్చిపోతుంది. సముద్రం తెలిసినవాణ్ణని నాకున్న నమ్మకమే ఒక జూన్ నెలలో నన్ను మోసం చేసింది. ఆ రోజు పట్టికలో ఆటు వేళ ఒంటిగంటన్నర. బ్రిటన్‌లో చాలా పోటు పట్టికలు గ్రీనిచ్ కాలంలో అచ్చవుతాయి, వేసవిలో మనం ఒక గంట కలుపుకోవాలి. నేనూ కలిపి రెండున్నర అనుకున్నాను, కాబట్టి అయిదింటి దాకా వ్యవధి ఉందని ధీమాగా నడిచాను. నా చేతిలో ఉన్న పట్టిక అప్పటికే వేసవి కాలానికి సవరించినదని నాలుగున్నరకు సాండీ హేవెన్ ఒడ్డున నిలబడ్డాక గానీ తెలియలేదు. పాయకు అడ్డంగా పరిచిన రాళ్లలో ఇవతలి నాలుగే కనిపిస్తున్నాయి, వాటి మీది పచ్చని నాచు నీటిలో అటూ ఇటూ ఊగుతోంది. నేను చూస్తుండగానే నాలుగో రాయి మునిగింది. అలల్లేవు, చప్పుడు లేదు, నిశ్శబ్దంగా పైకి వస్తున్న నీరు. అవతలి గట్టు రాయి విసిరితే తగిలేంత దగ్గర. ‘మోకాలి లోతేగా’ అన్న ఆలోచన వచ్చేది సరిగ్గా అక్కడే. దయచేసి ఆ ఆలోచనకు లొంగవద్దు. మధ్యలో కాలువ లోతుగా ఉంటుంది, ప్రవాహం లాగుతుంది. నేను వెనక్కి తిరిగి ఊళ్ల మీదుగా చుట్టు నడిచి, దీపాలు పెట్టే వేళకు బస చేరాను. మీ పట్టిక ఏ కాలంలో ఉందో దాని మీదే రాసి ఉంటుంది, లెక్క మొదలుపెట్టే ముందు ఆ గీత చదవండి.

మన పంచాంగం ఎరిగినవారికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. మిల్‌ఫర్డ్ హేవెన్ ప్రాంతంలో అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు పగటి ఆటు వేసవి గడియారం ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంటకూ రెండింటికీ మధ్య వస్తుంది. నడిచేవారికి అంతకంటే అనువైన వేళ లేదు. పొద్దున్న గాన్ తెరుచుకోగానే దాటి, డేల్ నుంచి తీరం వెంట నింపాదిగా ఎనిమిది కిలోమీటర్లు నడిచి, అదే ఆటులో సాండీ హేవెన్ కూడా దాటేయవచ్చు. అష్టమి, నవమి దాటిన రోజుల్లో ఆటు పొద్దున ఏడింటి ప్రాంతంలోనూ సాయంత్రం ఏడింటి ప్రాంతంలోనూ పడుతుంది, అప్పుడు రెండూ కలిసిరావడం కష్టం. కాబట్టి ఆ భాగానికి వెళ్లే వారాన్ని క్యాలెండరులో తిథి చూసి ఎంచుకుని, కచ్చితమైన వేళను మాత్రం అచ్చు పట్టికలో సరిచూసుకోవాలి. పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. పన్నెండు రోజుల వరస నడకలో కాలు బెణికి ఒక్కరోజు ఆలస్యమైతే ఈ లెక్కంతా మారిపోతుంది. ఒకే ఊపు వద్దని నేను చెప్పడానికి ఇదీ ఒక కారణం.

దక్షిణాన కాసిల్‌మార్టిన్ దగ్గర సైన్యం కాల్పుల మైదానం ఉంది. ఎర్ర జెండాలు ఎగురుతుంటే తీరం మీది ముక్క మూసివేస్తారు. పనిదినాల్లో కాల్పులు ఎక్కువ, వారాంతాల్లో సాధారణంగా తెరిచి ఉంచుతారు. రక్షణ శాఖ వేళలను ముందుగానే ప్రకటిస్తుంది, చూసుకుంటే చాలు.

ఇక నా సలహా. మొత్తం దారిని మూడు నాలుగేళ్లకు పంచుకోండి. ఈసారికి న్యూగేల్ నుంచి గుడ్‌విక్ దాకా ఉన్న వాయవ్య భాగాన్ని తీసుకోండి. దాటవలసిన పాయలు లేవు, కాల్పులు లేవు, రెండు బసలతో పని అయిపోతుంది, దారి మొత్తంలో నా మనసుకు అతి దగ్గరైన భాగం కూడా అదే. దక్షిణం నుంచి ఉత్తరంగా నడవండి. ఇక్కడ ఎక్కువగా నైరుతి గాలి వీస్తుంది, వీపును తోసే గాలి రోజంతా మొహాన కొట్టే గాలికన్నా మేలు.

రెడింగ్ నుంచి రైలులో హావర్‌ఫర్డ్‌వెస్ట్ చేరి, అక్కడి నుంచి టీ11 బస్సులో సెయింట్ డేవిడ్స్‌కు వెళ్లి ఆరేడు రాత్రులు అక్కడే దిగండి. రెండు వేల జనాభా కూడా లేని ఆ ఊరు, కేథడ్రల్ ఉన్నందువల్ల, బ్రిటన్‌లోకెల్లా చిన్న నగరం. మొదటి రోజు బస్సులో న్యూగేల్ వెళ్లి సోల్వా దాకా నడవండి, ఎనిమిది కిలోమీటర్లే. కాళ్లు, బూట్లు, సంచి పట్టీలు ఏమంటున్నాయో ఆ రోజే తెలిసిపోతుంది. సోల్వా నుంచి పోర్త్‌క్లైస్ చిన్న రేవు దాకా మరో పది. మూడో రోజు పోర్త్‌క్లైస్ నుంచి వైట్‌శాండ్స్, పది పన్నెండు కిలోమీటర్లు. ఎదురుగా రామ్సే ద్వీపానికీ మనకూ మధ్య ఇరుకు జలసంధిలో నీరు నదిలాగా ఉరుకుతూ కనిపిస్తుంది. ఆ తర్వాత ఒక రోజు పూర్తిగా నడక మానేయండి. సెలవు వృథా అవుతుందని అనుకోవద్దు, రెండో వారం నిలబెట్టేది ఆ రోజే.

వైట్‌శాండ్స్ నుంచి పోర్త్‌గైన్ దాకా సుమారు పదిహేను కిలోమీటర్ల ముక్క ఉంది. దానికోసం మిగతా వారమంతా ఖర్చుపెట్టినా తప్పులేదు. ముందు సెయింట్ డేవిడ్స్ హెడ్ (హెడ్ అంటే సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము) రాళ్లు, తర్వాత గంటలకొద్దీ మనిషి కనిపించని గట్టు, ఆపైన అబెరెయిడీలో పలకరాతి గని. గనిని వదిలేశాక సముద్రాన్ని లోపలికి రానిచ్చారు, ఇప్పుడది గాఢమైన నీలి మడుగు. పోర్త్‌గైన్‌లో రాతిని పొడిచేసి ఓడలకు ఎత్తిన ఇటుక తొట్ల గోడలు రేవు మీద ఎత్తుగా ఇంకా నిలబడి ఉన్నాయి. మే నెలాఖరున వెళితే ఈ గట్టంతా గులాబీ రంగు చిన్న పూలతో నిండి ఉంటుంది. ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్లు ఉన్న నల్లని పక్షులు గాలిలో పల్టీలు కొడుతుంటాయి. వాటిని ఇక్కడ చఫ్ అంటారు, కాకి జాతివే.

పోర్త్‌గైన్ నుంచి ఆబర్‌కాసిల్ ఎనిమిది కిలోమీటర్లు. ఊరి పైన పొలంలో కారెగ్ సామ్సన్ అనే పెద్ద రాతి సమాధి ఉంది, అయిదు వేల ఏళ్ల నాటిది, కంచె గానీ టికెట్టు గానీ లేవు. ఆబర్‌కాసిల్ నుంచి స్ట్రంబుల్ హెడ్ దీపస్తంభం దాకా సుమారు పదహారు, ఈ విడతలో కష్టమైన రోజు అదే. చివరి పది కిలోమీటర్లూ గుడ్‌విక్ వైపు. ఆ దారిలో కారెగ్‌వస్టాడ్ దగ్గర ఒక స్మారక శిల నిలబెట్టి ఉంటుంది, 1797 ఫిబ్రవరిలో ఫ్రెంచి దళాలు దిగిన చోటు. బ్రిటన్ గడ్డ మీద జరిగిన చివరి దండయాత్ర అదేనంటారు, రెండు రోజుల్లో లొంగిపోయారు.

ఈ చివరి మూడు ముక్కలకు బసను గుడ్‌విక్ పక్కనే ఉన్న ఫిష్‌గార్డ్‌కు మార్చుకోండి. మిగిలిన రోజుల్లో డైనాస్ హెడ్‌ను చుట్టి రండి, అయిదు కిలోమీటర్లే అయినా ఎక్కుడు గట్టిది. దాని పాదం దగ్గర కుమ్-అర్-ఎగ్లుస్‌లో 1859 తుపాను కూల్చిన చర్చికి ఒక్క గోడ మాత్రం మిగిలింది. అప్పటికి కాళ్లు కుదుటపడి, వాతావరణం బాగుంటే, చివరి రోజున న్యూపోర్ట్–సెయింట్ డాగ్‌మేల్స్ ముక్కకు చిన్న సంచితో పొద్దున ఎనిమిదింటికే బయలుదేరండి. సాయంత్రం దగ్గరలోని కార్డిగన్ ఊరి నుంచి టీ5 బస్సులో వెనక్కి రావచ్చు.

ఒకే చోట దిగి బస్సులతో నడకను కలిపే ఈ పద్ధతిలో బస్సే యజమాని. తీరం వెంట తిరిగే చిన్న బస్సులు వేసవిలో ఎక్కువ, చలికాలంలో బాగా తక్కువ. దారులూ వేళలూ ఏటా మారుతుంటాయి కనుక వెళ్లే వారం ముందు మళ్లీ చూసుకోవాలి. వీలైన చోటల్లా నేను పాటించే నియమం ఒక్కటే. పొద్దున్నే బస్సులో దూరపు కొసకు వెళ్లి బసవైపు నడుస్తూ రావడం. సాయంత్రం చివరి బస్సు కోసం పరుగెత్తవలసిన అవసరం ఉండదు, అలసిన కాళ్లతో తడి కొండ దిగుతూ గడియారం చూసుకునే స్థితి రాదు. చేయి ఎత్తితే సురక్షితమైన చోట ఆపుతారు, కానీ మలుపులో నిలబడకండి.

గుడారం సంగతి. వేల్స్‌లో భూమి యజమాని అనుమతి లేకుండా ఎక్కడపడితే అక్కడ గుడారం వేయడం చట్టం ఒప్పదు. క్యాంపు మైదానాలున్నాయి గానీ అవి మీ 25 కిలోమీటర్ల లెక్కకు సరిగ్గా దొరకవు. ఈ తీరపు గాలివానలో తడిసిన గుడారం మడిచి మోయడం మీ ఇద్దరి మొదటి అనుభవం కాకూడదని నా కోరిక. పడకతో పాటు పొద్దుటి ఫలహారం పెట్టే బీ అండ్ బీలో ఉండండి. ముందుకు సాగే నడకే కావాలంటే, పెట్టెను ఒక బస నుంచి మరో బసకు చేర్చే బండ్లవారున్నారు, ఆ ఖర్చు మీ మోకాళ్ల మీద పెట్టిన పెట్టుబడి అనుకోండి. కొన్నిచోట్ల ఒక్క రాత్రికి గది ఇవ్వరు, రెండు రాత్రులు అడుగుతారు. ఒకే ఊళ్లో ఉండే పద్ధతిలో ఆ చిక్కు కూడా లేదు.

ఆగస్టు కూడా మార్చుకోండి. బడి సెలవుల వల్ల గదులు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. ఈ తీరానికి దగ్గర్లోని స్కోమర్ దీవి పఫిన్ పక్షులు జూలై నెలాఖరుకే సముద్రంలోకి వెళ్లిపోతాయి. మే చివరి నుంచి జూన్ మధ్య దాకా అయితే పూలు, పక్షులు, పదహారు గంటల వెలుతురు. సెప్టెంబరు అయితే సముద్రం వెచ్చన, జనం పల్చన. కొండల కింద రాళ్ల మీద సీలు పిల్లలు తెల్లటి బొచ్చుతో పడుకుని కనిపిస్తాయి. వాటిని పైనుంచే చూడండి, కిందికి దిగితే తల్లి వదిలేసే ప్రమాదముంది.

శాకాహారం గురించి బెంగ వద్దు. గది మాట్లాడుకునేటప్పుడే చెబితే పొద్దుటి ఫలహారం మార్చి పెడతారు. చిన్న ఊళ్ల కాఫీ గదుల్లో చీజ్, బంగాళాదుంప, సూప్ దొరుకుతాయి. అయితే స్థానిక లేవర్‌బ్రెడ్ పేరు చూసి రొట్టె అనుకోకండి, అది సముద్రపు నాచు, దానితో పాటు నత్తగుల్లలు వడ్డించడం ఇక్కడి అలవాటు. మధ్యాహ్నానికి మాత్రం మీదే మీరు తీసుకెళ్లండి, గట్టు మీద దుకాణాలుండవు. వంట సౌకర్యం ఉన్న బస దొరికితే పొద్దున్నే పులిహోర కలుపుకోండి. పొద్దున కలిపింది సాయంత్రం దాకా పాడవదు, ఉప్పూ పులుపూ చెమట పట్టిన ఒంటికి పడతాయి. స్ట్రంబుల్ హెడ్ దగ్గర గోడ చాటున కూర్చుని మేం తిన్న పులిహోర రుచి ఇంట్లో ఎన్నడూ రాలేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి.

బూట్లు కొత్తవి వేసుకుని రావద్దు, కనీసం వంద కిలోమీటర్లు తొక్కినవి కావాలి. చేతికర్రలు జత తెచ్చుకోండి, దిగుడులో అవి మోకాళ్ల భారం పంచుకుంటాయి. పొడవు ప్యాంటు వేసుకోండి. ఫెర్న్ పొదల్లో గోమారులుంటాయి, వాటి కాటువల్ల లైమ్ అనే జబ్బు రావచ్చు, రాత్రి స్నానమప్పుడు మడమల నుంచి మోకాళ్ల వెనక దాకా చూసుకోవాలి. గట్టు అంచు గడ్డి కింద మట్టి కొట్టుకుపోయి ఖాళీగా ఉండవచ్చు, ఫొటో కోసం అంచుకు పోవద్దు. దూడలతో ఉన్న ఆవుల మంద ఎదురైతే చుట్టు తిరిగి వెళ్లండి. ఎవరైనా పడితే 999కు ఫోను చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి, కొండ అంచు రక్షణ వారిదే.

జూన్ మొదటి రెండు వారాలు మీకు కుదిరితే ఈ వారంలోనే సెయింట్ డేవిడ్స్ గది మాట్లాడుకోండి, తర్వాత ఫిష్‌గార్డ్ గది, ఆ తర్వాతే రైలు టికెట్లు. గదులు ఖరారయ్యాక తేదీలు చెబితే ఏ రోజు ఏ ముక్క పెట్టుకోవాలో, ఏ బస్సుకు బయలుదేరాలో కూర్చుని రాసి ఇస్తాను.